బెంగళూరు దగ్గర చిన్న ఊరిని ఎంచుకోవడం: పగలంతా ఇంట్లో ఉండేవారి వైపు నుంచి

బెంగళూరు వదిలి దగ్గరలోని చిన్న ఊరికి మారాలనే ఆలోచన మారతహళ్లిలోనో కృష్ణరాజపురంలోనో అద్దెకుంటున్న తెలుగు ఇళ్లలో సాధారణంగా అద్దె పెంచుతున్నామని యజమాని చెప్పిన రోజున మొదలవుతుంది. ఆ రాత్రే ఉద్యోగం చేసే మనిషి ఫోన్‌లో మ్యాప్ తెరిచి, ఆఫీసు నుంచి కిలోమీటర్లు కొలిచి, నాలుగు ఊళ్ల పేర్లు రాసుకుంటాడు. మేమూ అదే పని చేశాం. అలా ఎంచుకున్న మొదటి ఊళ్లో నా ప్రయాణం సుఖంగానే సాగింది గాని, పగలంతా ఇంట్లో ఉండే మా అమ్మకు తొమ్మిది నెలలపాటు మాట్లాడే మనిషి దొరకలేదు. తరువాత చిక్కబళ్లాపురం జిల్లాలోని చింతామణికి మారాం. నాకు దారి పెరిగింది, అమ్మకు మాత్రం రెండో వారానికే కూరగాయల బండి దగ్గర నలుగురు పరిచయమయ్యారు. ఊరిని ఎంచుకునేటప్పుడు ఆఫీసుకు వెళ్లే మనిషి కంటే ఇంట్లో మిగిలేవారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలని నేను చెప్పడానికి ఆ తొమ్మిది నెలలే కారణం.

ఊళ్ల పేర్లు రాసుకోవడానికి ముందు ఇంట్లో ఒక్కొక్కరి మామూలు పని రోజు, మంగళవారం అనుకుందాం, ఎలా గడుస్తుందో కాగితం మీద రాయండి. పెద్దవారు ఉదయం ఎక్కడ నడుస్తారు, ఏ గుడికి వెళతారు, ఎన్నాళ్లకొకసారి డాక్టరును చూస్తారు, పిల్లలు ఏ తరగతిలో ఉన్నారు, బడిలో రెండో భాష ఏది, ఇంటి నుంచి పని చేసేవారికి కరెంటు పోతే పని ఎంతసేపు నడుస్తుంది అన్నవి అందులో ఉండాలి. ఉద్యోగస్థుడు వారంలో ఎన్ని రోజులు ఆఫీసుకు వెళ్లాలో చివర రాయండి. రెండు రోజులైతే నూరు కిలోమీటర్ల దూరమైనా భరించవచ్చు. ఐదు రోజులూ వెళ్లవలసిన వారు, ఇంటి గడప నుంచి ఆఫీసు కుర్చీ వరకు గంటన్నర దాటే ఊరిని ఎంత బాగున్నా పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం.

దూరం కంటే దిక్కు ముఖ్యం. బెంగళూరును ఒక అంచు నుంచి మరో అంచుకు దాటి వెళ్లవలసి వస్తే, చిన్న ఊరికి మారి సంపాదించుకున్న తీరిక అంతా హెబ్బాళ వంతెన మీదనో సిల్క్ బోర్డు కూడలిలోనో ఖర్చవుతుంది. ఎలక్ట్రానిక్ సిటీలో పని చేసేవారికి 44వ జాతీయ రహదారి మీద బెంగళూరు నడిబొడ్డు నుంచి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, తమిళనాడులో ఉన్న హోసూరు సహజమైన ఎంపిక. 2025 ఆగస్టులో ఆర్.వి.రోడ్డు నుంచి బొమ్మసంద్ర వరకు మెట్రో పసుపు మార్గం మొదలైంది కాబట్టి, నగరం లోపలికి వెళ్లవలసి వచ్చినా బొమ్మసంద్ర దాకా బస్సులో వచ్చి అక్కడ రైలెక్కితే సిల్క్ బోర్డు రద్దీతో నిమిత్తం ఉండదు. వైట్‌ఫీల్డ్ వైపు పని ఉన్నవారు తూర్పు రైలు మార్గం మీద మాలూరు, బంగారుపేట, ఇంకా దూరంగా ఆంధ్రప్రదేశ్‌లోని కుప్పం వరకు చూడవచ్చు. వైట్‌ఫీల్డ్ రైల్వే స్టేషనుకు ఎదురుగానే కాడుగోడి మెట్రో స్టేషను ఉంది, 2023 అక్టోబరులో పూర్తయిన ఊదా మార్గం అక్కడి నుంచి నగరపు పడమటి అంచున ఉన్న చల్లఘట్ట వరకు వెళుతుంది. విమానాశ్రయం, యలహంక, హెబ్బాళ వైపు ఉద్యోగాలున్న వారికి చిక్కబళ్లాపురం, దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు, హిందూపురం వరుసలో వస్తాయి. కోలారు 75వ జాతీయ రహదారి మీద ఉన్న బస్సుల ఊరు. అక్కడ రైల్వే స్టేషను ఉన్నా అది ప్రధాన మార్గం మీద లేదు, కాబట్టి రైలు మీద ఆశ పెట్టుకొని కోలారు వెళ్లకూడదు.

రైలు మార్గం మీద ఉన్న ఊరికి ఒక పెద్ద సౌకర్యం సీజన్ టికెట్. 150 కిలోమీటర్ల లోపు దూరానికి నెలకో మూడు నెలలకో తీసుకొనే ఆ పాసు ఖర్చు, అదే దూరం కారులో తిరిగే ఇంధనపు ఖర్చుతో పోల్చితే చాలా తక్కువ. అయితే మొదట చూడవలసింది పొద్దున వెళ్లే రైలు కంటే సాయంత్రం తిరిగి వచ్చే చివరి రైలు వేళను. బస్సుల్లో కర్ణాటక నివాసులైన మహిళలకు 2023 జూన్ నుంచి ఆర్టీసీ సాధారణ సర్వీసుల్లో ప్రయాణం ఉచితం, అందుచేత ఇంట్లో ఉద్యోగం చేసేది ఆడవారైతే కోలారు, చింతామణి వంటి ఊళ్ల లెక్క మారిపోతుంది. రాబోయే రైలు మార్గాలను, ప్రకటించిన వలయ రహదారులను నమ్ముకొని మాత్రం ఊరు ఎంచుకోకండి. ఈ రోజు నడుస్తున్న బస్సు, ఈ రోజు ఆగుతున్న రైలు ఆధారంగానే లెక్క వేయండి.

బెంగళూరు చుట్టుపక్కల ఉన్న ప్రత్యేకత ఏమిటంటే, రెండు మూడు గంటల ప్రయాణంలో మూడు రాష్ట్రాల్లో దేనిలోనైనా ఇల్లు దొరుకుతుంది. ఈ సౌలభ్యం పిల్లల చదువు దగ్గరికి వచ్చేసరికి పెద్ద చిక్కుగా మారుతుంది. కర్ణాటకలో 2015 నాటి కన్నడ భాషాభ్యాస చట్టం ప్రకారం పిల్లలు బడిలో కన్నడాన్ని మొదటి లేదా రెండో భాషగా చదవాలి. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని తరగతుల వారీగా తప్పనిసరి చేసుకుంటూ వచ్చింది, ఆ కారణంగా హోసూరు తెలుగువారు తమ పిల్లల పరీక్షల విషయమై చాలాకాలం పోరాడవలసి వచ్చింది. ఆరో తరగతి దాకా బెంగళూరులో కన్నడం చదివిన బిడ్డను హోసూరులో చేర్చితే, ఆ వయసులో మూడో లిపిని మొదటి నుంచి నేర్పించవలసి వస్తుంది. చిన్న తరగతుల పిల్లలకు ఇది కష్టం కాదు. ఎనిమిదో తరగతి దాటిన వారికి మాత్రం ఇది చదువునే వెనక్కి లాగవచ్చు.

ఇంటర్ తరువాత సీట్ల సంగతి ఇంకా ముఖ్యం. చాలామంది తల్లిదండ్రులకు ఇది పిల్లలు పన్నెండో తరగతికి వచ్చాకే తెలుస్తుంది. కర్ణాటక ఉమ్మడి ప్రవేశ పరీక్ష (సీఈటీ) ద్వారా ఇంజనీరింగ్‌లో ప్రభుత్వ కోటా సీటు పొందడానికి సాధారణ నిబంధన, 1 నుంచి 12 తరగతుల్లో కనీసం 7 విద్యా సంవత్సరాలు కర్ణాటకలో చదివి, పదో తరగతి గాని పన్నెండో తరగతి గాని ఇక్కడే ఉత్తీర్ణులు కావడం. తమిళనాడులో 8 నుంచి 12 వరకు అక్కడే చదివిన వారిని స్థానికులుగా పరిగణిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్లు అక్కడ చదివి ఉండాలి, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం వరకు. ఈ మూడు లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే, తొమ్మిదో తరగతి పూర్తయిన బిడ్డతో రాష్ట్రం మారే కుటుంబం, పాత రాష్ట్రంలోనూ కొత్త రాష్ట్రంలోనూ స్థానికత పోగొట్టుకొనే ప్రమాదం ఉందని అర్థమవుతుంది. కుప్పానికో హిందూపురానికో మారదలచినవారు పిల్లలు ఎనిమిది పూర్తి చేసే లోపు, హోసూరుకు మారదలచినవారు ఏడు పూర్తి చేసే లోపు మారాలి. ఆ వయసు దాటితే పన్నెండో తరగతి అయ్యేదాకా కర్ణాటక సరిహద్దు లోపలి ఊరినే చూసుకోవడం క్షేమం. మినహాయింపులు ఉంటాయి కాబట్టి ఆయా సంవత్సరపు ప్రవేశ ప్రకటనను స్వయంగా చదవండి.

ఇక ఊరి మంచితనం గురించి. ఇది కొలవలేనిదని అంటారు గాని, కొంతవరకు పరీక్షించి తెలుసుకోవచ్చు. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో, ముఖ్యంగా బాగేపల్లి, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు తాలూకాల్లో తెలుగు ఇంటి భాషగా తరతరాలుగా ఉంది. హోసూరు ప్రాంతంలోనూ అంతే. ఆ తెలుగు మన పుస్తకాల తెలుగులా ఉండదు, కన్నడ పదాలు ధారాళంగా కలుస్తాయి, యాస రాయలసీమకు దగ్గరగా ఉంటుంది. వారిని వలస వచ్చిన తెలుగువారిగా భావించి మాట్లాడటం పెద్ద పొరపాటు. వారు ఆ నేలకు చెందినవారు, బయటి నుంచి వచ్చింది మనం. అంగడివారికి తెలుగు వచ్చని తెలిసినా మొదటి పలకరింపు కన్నడంలో చేయండి, వారే రెండో వాక్యానికి తెలుగులోకి వస్తారు. తెలుగు లిపి తెలిసినవారికి కన్నడ అక్షరాలు కొద్ది వారాల్లో పట్టుబడతాయి కాబట్టి బస్సు బోర్డులు చదవడానికి సాకులు చెప్పనక్కరలేదు.

పరీక్ష ఇలా చేయండి. ఎంచుకున్న ఊళ్లో కనీసం పది రోజులు గది తీసుకొని, అందులో పని రోజులు ఎక్కువగా ఉండేలా చూసుకొని, ఇంట్లోని పెద్దవారిని వెంట తీసుకువెళ్లండి. ఆదివారం చూసిన ఊరు ఏ ఊరైనా బాగానే ఉంటుంది. సంత రోజున పెద్దవారిని ఒంటరిగా కూరగాయలకు పంపి, తిరిగి వచ్చాక ధర ఎంతని కాకుండా ఎవరితో మాట్లాడారని అడగండి. మధ్యాహ్నం మూడు గంటలకు వీధిలో నడిచి, అరుగుల మీద మనుషులు కనిపిస్తున్నారో, అన్ని తలుపులూ మూసి ఉన్నాయో చూడండి. ఇల్లు అడిగేటప్పుడు కులం, మాంసాహారం గురించి ఎన్నో ప్రశ్నకు వస్తారో గమనించండి. ఈ ప్రశ్నలు బెంగళూరులోనూ ఉన్నాయి గాని, పెద్ద నగరంలో పక్క వీధికి పోతే సరిపోతుంది, చిన్న ఊళ్లో పక్క వీధి కూడా ఆ యజమాని బంధువులదే కావచ్చు. కొత్త కాలనీల కంటే పాత వీధుల్లో పలకరింపు ఎక్కువని నా అనుభవం. అయితే అదే వీధుల్లో మన రాకపోకల మీద ఆరా కూడా ఎక్కువ. దాన్ని ఆప్యాయతగా తీసుకోగలరో లేదో ఇంట్లో వయసులో ఉన్న పిల్లలను అడగడం మరవకండి.

నీటి విషయంలో ఎవరి మాటా నమ్మవద్దు, నా మాటతో సహా. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఏడాది పొడుగునా పారే నది లేదు, బోర్లు చాలా లోతుకు పోయాయి, అనేక చోట్ల నీటిలో ఫ్లోరైడు ఉంది. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకు తరలించే కె.సి.వ్యాలీ పథకం 2018లో మొదలైంది. అది భూగర్భ జలం పెరగడానికే గాని నేరుగా తాగడానికి ఉద్దేశించినది కాదు. హోసూరు వైపు హొగెనక్కల్ నుంచి కావేరి నీరు తెచ్చే పథకం ఉంది, కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల ఫ్లోరైడు బాధ తగ్గించడమే దాని ముఖ్యోద్దేశం. ఇల్లు చూడటానికి ఏప్రిల్ నెలలో వెళ్లండి. కుళాయి ఎన్ని రోజులకొకసారి వస్తుంది, సంపు ఎన్ని లీటర్లది, వేసవిలో ట్యాంకరు ఎన్నిసార్లు పిలిచారు అన్న మూడు ప్రశ్నలు యజమానిని కాకుండా పైవాటాలోనో పక్కింట్లోనో అద్దెకున్నవారిని అడగండి. మాకు ఇల్లు చూపించిన పెద్దమనిషి నీటికి కొరతే లేదన్నారు, అది జనవరి నెల. సీసాలో నీరు పట్టి పరీక్షకు ఇస్తే ఖర్చు స్వల్పం. ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే నిశ్చింత. భారతీయ ప్రమాణం వేరే నీరు లేనిచోట 1.5 వరకు అనుమతిస్తుంది, అది దాటితే పిల్లలున్న ఇంటికి ఆ బోరు నీరు తాగడానికి పనికిరాదు.

వైద్యం గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. వైద్య కళాశాల అనుబంధంగా ఆసుపత్రి ఉన్న ఊళ్లు ఈ విషయంలో మెరుగు, కోలారు పక్కనున్న టమకలోనూ కుప్పంలోనూ అటువంటివి ఉన్నాయి. అటువంటి ఆసుపత్రి లేని ఊళ్లలో రాత్రి పది తరువాత తెరిచి ఉండే మందుల దుకాణం ఎక్కడుందో ఆ వేళకే వెళ్లి చూసుకోండి.

ఊరు కుదిరాక కూడా మొదటి ఏడాది అద్దెకే ఉండండి. కర్ణాటక చిన్న ఊళ్లలో నెలసరి అద్దెకు బదులు పెద్ద మొత్తం ఒకేసారి ఇచ్చి, రెండు మూడేళ్లు ఉండి, ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు వెనక్కి తీసుకొనే భోగ్యం పద్ధతి ఇంకా నడుస్తోంది. లెక్కకు లాభంగా కనిపిస్తుంది గాని, ఒప్పందం రిజిస్టరు చేయించకుండా, ఇంటి మీద బ్యాంకు అప్పు ఉందో లేదో ఈసీ (ఆస్తి మీది తాకట్టులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసి చూడకుండా ఆ డబ్బు ఇవ్వకూడదు. యజమాని అప్పు ఎగవేస్తే బ్యాంకు ఇంటిని జప్తు చేసినప్పుడు భోగ్యందారు వీధిన పడతాడు. సైటు (ఇంటి స్థలం) కొనమని వచ్చే ప్రోత్సాహం మొదటి నెలలోనే మొదలవుతుంది. వ్యవసాయ భూమిని నివాస భూమిగా మార్పిడి చేయించకుండా ముక్కలు చేసి అమ్మే రెవెన్యూ సైట్లు ఈ చుట్టుపక్కల విస్తారంగా ఉన్నాయి. కర్ణాటకలో మార్పిడి ఉత్తర్వు, ఖాతా (స్థానిక సంస్థ ఆస్తి పన్ను పత్రం), తమిళనాడులో పట్టా, డీటీసీపీ (పట్టణ ప్రణాళికా శాఖ) అనుమతి చూడకుండా అడ్వాన్సు పది వేలు కూడా ఇవ్వవద్దు. ఏడాది గడిచి, ఒక వేసవి నీటిని చూసి, అప్పటికీ ఇంట్లో అందరూ ఉందామంటే కొనుగోలు సంగతి ఆలోచించవచ్చు.

సరిహద్దు దాటి హోసూరుకో కుప్పానికో మారేవారు బండి కాగితాలు కూడా సర్దుకోవాలి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవలసిందేనని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతుంది. అందుకు పాత ఆర్టీవో నుంచి నిరభ్యంతర పత్రం కావాలి, కొత్త రాష్ట్రంలో పన్ను కట్టాలి, కర్ణాటకలో ముందే కట్టిన జీవితకాలపు పన్నులో మిగిలిన భాగం వాపసు కోసం విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఇల్లు ఖాళీ చేసే నెలలోనే ఆ నిరభ్యంతర పత్రానికి దరఖాస్తు చేయండి. తరువాత చేద్దామని వదిలేస్తే, ఆ పని కోసమే సెలవు పెట్టి మళ్లీ బెంగళూరు ఆర్టీవో వరుసలో నిలబడవలసి వస్తుంది.