దత్తత ఉత్తర్వు వచ్చాక బిడ్డతో అమెరికా బయలుదేరేలోపు చేయాల్సిన పనులు

కలెక్టరు సంతకంతో దత్తత ఉత్తర్వు రాగానే అంతా అయిపోయిందనుకుని చాలామంది తిరుగు టికెట్లు కొనేస్తారు. తొందరపడకండి. చట్టం దృష్టిలో బిడ్డ మీదే అయినా, అప్పటికి పాస్‌పోర్టు లేదు, వీసా లేదు, మీ పేర్లతో జనన ధ్రువపత్రమూ లేదు. ఇవన్నీ ఒకదాని వెనుక ఒకటిగా రావాలి. మొదటిది ఆలస్యమైతే మిగతావన్నీ ఆగుతాయి.

ఇక్కడ చెబుతున్నది అమెరికాలో స్థిరపడిన తెలుగు దంపతులు కేంద్ర దత్తత వనరుల ప్రాధికార సంస్థ, అంటే 'కారా' ద్వారా, హైదరాబాద్ శిశువిహార్ నుంచో ఆంధ్రప్రదేశ్‌లోని ఏదైనా శిశుగృహ నుంచో బిడ్డను దత్తత తీసుకున్నప్పటి సంగతి. దంపతుల్లో కనీసం ఒకరికి అమెరికా పౌరసత్వం ఉండాలి, దత్తత బిడ్డను తీసుకెళ్లడానికి అమెరికా వలస శాఖకు పెట్టే ఐ-800 దరఖాస్తు వారి పేరునే పెట్టాలి. ఇద్దరూ హెచ్-1బీ మీదనో గ్రీన్‌కార్డు మీదనో ఉంటే ఈ దారి లేదు. ఇక్కడ దత్తత పూర్తయినా బిడ్డను వెంట తీసుకెళ్లలేని పరిస్థితి రావచ్చు కాబట్టి, అలాంటివారు కారాలో పేరు నమోదు చేసుకోకముందే వలస చట్టం తెలిసిన న్యాయవాదితో మాట్లాడుకోవాలి.

ఉత్తర్వు నుంచి పాస్‌పోర్టు దాకా

2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టులు కాక జిల్లా మేజిస్ట్రేట్లు, అంటే కలెక్టర్లు ఇస్తున్నారు. ఉత్తర్వు కారా వారి దత్తత పోర్టల్ 'కేరింగ్స్'లో కనిపించిన మూడు పనిదినాల్లో కారా ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. దేశాల మధ్య దత్తతలకు సంబంధించిన హేగ్ ఒప్పందంలోని 23వ అధికరణం కింద ఇచ్చే ఈ పత్రం లేనిదే అమెరికా ఎంబసీలో పని జరగదు. జనన ధ్రువపత్రానికీ పాస్‌పోర్టుకూ దరఖాస్తు చేయాల్సింది మీరు కాదు, బిడ్డను చూసుకుంటున్న దత్తత సంస్థ. ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి అందిన మూడు పనిదినాల్లో సంస్థ పాస్‌పోర్టుకు దరఖాస్తు పెట్టాలి, పాస్‌పోర్టు కార్యాలయం పది రోజుల్లో ఇవ్వాలి. ఇవి నిబంధనల్లోని గడువులు. నడుమ పండుగ సెలవులు, పోలికలేని సంతకాలు ఉండనే ఉంటాయి. రోజూ ఒకసారి మర్యాదగా ఫోను చేసి అడగడంలో తప్పులేదు.

అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అమెరికాలో అది చివరికి వెళుతుంది. కలెక్టరు కార్యాలయంలో మన వరుసలోనే టైపు చేస్తారు. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు మరో గడి ఉంటాయి. ఉత్తర్వు చూసి నింపేవారు ఏది ఎక్కడ రాశారో ఎవరూ సరిచూడరు. దానికి తోడు ఇంగ్లీషు అక్షరాల గొడవ: ఒక కాగితంలో దీర్ఘానికి రెండు అక్షరాలు వేస్తే మరో కాగితంలో ఒకటే వేస్తారు. అందుకే కలెక్టరు ముందుకు వెళ్లే దరఖాస్తు ముసాయిదాలోనే ఇంటిపేరు, పేరు విడివిడిగా, పుట్టిన తేదీతో సహా రాయించండి. సంతకం పడ్డాక ఒక్క అక్షరం మార్చాలన్నా ఫైలు మళ్లీ మొదటి బల్ల నుంచి కదలాలి.

వీసా దరఖాస్తు డీఎస్-260 మీరు దత్తతకు ముందే, ఆర్టికల్ 5 లేఖ (దత్తత ముందుకు సాగవచ్చని ఎంబసీ కారాకు ఇచ్చే లేఖ) దశలోనే నింపి ఉంటారు. అందులో బిడ్డ పాత పేరే ఉండవచ్చు, పాస్‌పోర్టు నంబరు ఉండదు. ఆ మార్పులు ఎంబసీకి తెలియజేయకుండా ఇంటర్వ్యూకు వెళ్లకండి.

ఢిల్లీలో

హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ ఉన్నా వలస వీసాలు అక్కడ ఇవ్వరు. దత్తత వీసాకు న్యూఢిల్లీ ఎంబసీకే వెళ్లాలి. ముందుగా వైద్య పరీక్ష, అదీ ఎంబసీ గుర్తించిన వైద్యుల దగ్గరే. బిడ్డకు రెండేళ్లు నిండితే క్షయ కోసం రక్తపరీక్ష ఉంటుంది, ఫలితానికి రోజులు పడుతుంది. దానికి తగ్గట్టు తేదీలు చూసుకోండి. టీకాలు కొన్ని మిగిలినా కంగారు వద్దు. పదేళ్లలోపు దత్తత బిడ్డలకు, అమెరికా చేరిన 30 రోజుల్లో వేయిస్తామని తల్లిదండ్రులు ప్రమాణపత్రం ఇస్తే మినహాయింపు దొరుకుతుంది.

రెండంగుళాల చదరపు ఫొటో మాత్రం ఓపికకు పరీక్షే. వెనక తెల్లగా ఉండాలి, కళ్లు తెరిచి ఉండాలి, పట్టుకున్నవారి చెయ్యి కనిపించకూడదు. తెల్ల దుప్పటి పరిచి బిడ్డను పడుకోబెట్టి పైనుంచి తీస్తే తేలిక. నిద్ర వేళకో, ఆకలి వేళకో స్టూడియోకు తీసుకెళ్లారంటే ఆ పూట వృథా.

దత్తత భారత్‌లోనే పూర్తయింది కాబట్టి ఇచ్చేది ఐహెచ్-3 వీసా. దానితోపాటు ఎంబసీ హేగ్ దత్తత ధ్రువపత్రం కూడా ఇస్తుంది. సీలు వేసిన కవరు ఏదైనా చేతికిస్తే తెరవకండి, అది విమానాశ్రయంలో అమెరికా అధికారి తెరవాల్సింది. టికెట్లు వీసా చేతికొచ్చాకే కొనండి.

ఈ కాగితాల హడావుడిలో చాలామంది వదిలేసే పని ఒకటుంది. శిశుగృహలో బిడ్డను సాకిన ఆయమ్మతో ఒక గంట కూర్చుని, అన్నంలో పప్పు కలుపుతారా పెరుగు కలుపుతారా, పాలు ఎంత పలుచన, ఏ పాట పాడితే ఏడుపు ఆపుతుంది, జో కొట్టేది వీపు మీదా తొడ మీదా అని అడగండి. పడుకునే దుప్పటి ఇస్తే తీసుకోండి, ఉతక్కండి. నాకైతే ఎంబసీ కాగితాలకన్నా ఇదే ముఖ్యమనిపిస్తుంది. దాదాపు ఇరవై గంటల ప్రయాణంలో పక్క సీటులో ఉండేది ఎంబసీ అధికారి కాదు.

విమానాశ్రయంలో, ఆ తర్వాత

బిడ్డ భారత పాస్‌పోర్టు మీదే బయలుదేరుతుంది. దత్తత సంగతి ఇక్కడి వలస అధికారులకు కారా తెలియజేస్తుంది. అయినా ఉత్తర్వు, కారా నిరభ్యంతర పత్రం, 23వ అధికరణం పత్రం చేతిసంచిలో ఉంచుకోండి, చెక్-ఇన్ పెట్టెలో వద్దు.

తల్లిదండ్రులతో కలిసి ఉండడానికి ఐహెచ్-3 మీద వెళ్లిన 18 ఏళ్లలోపు బిడ్డకు, అమెరికా గడ్డ మీద ప్రవేశం దొరికిన క్షణంలోనే పౌరసత్వం వస్తుంది. 2000 నాటి బాలల పౌరసత్వ చట్టం చేసిన మేలు ఇది. పౌరసత్వ ధ్రువపత్రం వేరే దరఖాస్తు లేకుండా తపాలాలో ఇంటికి వస్తుంది. కాబట్టి చిరునామా సరిగ్గా ఇవ్వండి, ఇల్లు మారితే తెలపండి. ఆ తర్వాత భారత పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు. దాన్ని భారత కాన్సులేట్‌లో అప్పగించి బిడ్డకు ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి ఇచ్చే) కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడి దత్తత ఏజెన్సీ మొదటి ఏడాది మూడు నెలలకొకసారి, రెండో ఏడాది ఆరు నెలలకొకసారి బిడ్డ ఎలా ఉందో చూసి ఫొటోలతో కారాకు నివేదిక పంపుతుంది. వారు ఇంటికొచ్చే తేదీలు ముందే అడిగి రాసిపెట్టుకోండి.