వెబ్‌సైట్‌లో బగ్ కనపడితే ఏం చేయాలి, ఎవరికి చెప్పాలి

మా తమ్ముడి కాలేజీ ఫీజు రిసీట్ డౌన్‌లోడ్ చేస్తుంటే అడ్రస్ బార్‌లో చివర రిసీట్ నంబర్ కనపడింది, ఒక అంకె మార్చి ఎంటర్ కొట్టా, ఎవరో అమ్మాయి రిసీట్ ఓపెన్ అయిపోయింది. పేరు, నాన్న పేరు, ఫోన్ నంబర్ అన్నీ ఉన్నాయి. దీన్ని ఐడోర్ (IDOR) రకం బగ్, అంటే నంబర్ మారిస్తే వేరేవాళ్ల వివరాలు తెరుచుకునే లోపం అంటారు, లాగిన్ అయ్యారా లేదా అని సర్వర్ చూస్తోంది గానీ ఈ రిసీట్ వీళ్లదేనా అని చూడట్లేదు, అంతే తేడా.

ఇక్కడే ఆగిపోవాలి. ఎన్ని రిసీట్లు వస్తాయో చూద్దామని నంబర్లు దానంతటదే మార్చే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రామ్) రాసి వెయ్యి దించుకుంటే మీరు బగ్ చెప్పినవాళ్లు కాదు, డేటా కాజేసినవాళ్లు అవుతారు. ఐటీ యాక్ట్ 2000లో సెక్షన్ 43 పర్మిషన్ లేకుండా సిస్టమ్‌లోకి వెళ్లడం, డేటా కాపీ చేసుకోవడం గురించే, అది దురుద్దేశంతో చేశారని తేలితే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా ఫైన్, లేదా రెండూ. గవర్నమెంట్ ప్రొటెక్టెడ్ సిస్టమ్ అని ప్రకటించినవాటి జోలికి వెళ్తే సెక్షన్ 70, పదేళ్ల దాకా. నేను మంచికే చేశా అన్నవాళ్లకి ప్రత్యేకంగా రక్షణ ఇచ్చే సెక్షన్ ఆ చట్టంలో లేదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

ప్రూఫ్ కావాలంటే ఇంకొకళ్ల డేటా అక్కర్లేదు. తమ్ముడి ఫ్రెండ్‌ని అడిగి, వాడి ముందే, తమ్ముడి లాగిన్‌లో వాడి రిసీట్ నంబర్ కొట్టి చూశా, వచ్చింది, చాలు. అసలు మొదటే అలా చేసుండాల్సింది, ఆ అమ్మాయి రిసీట్ తెరవకుండా ఉండాల్సింది.

తర్వాత ఎవరికి చెప్పాలి అనేది. ముందు ఆ సైట్‌లో డాట్ వెల్-నోన్ ఫోల్డర్ కింద సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ ఫైల్ (/.well-known/security.txt) ఉందేమో చూడండి, 2022లో ఆర్ఎఫ్‌సీ 9116 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చింది ఇది, ఎవరికి రాయాలో అందులో ఉంటుంది. పెద్ద కంపెనీలైతే బగ్ రిపోర్టులు తీసుకునే హ్యాకర్‌వన్, బగ్‌క్రౌడ్ లాంటి సైట్లలో ప్రోగ్రామ్ పెడతాయి, స్కోప్‌లో (టెస్ట్ చేయనిచ్చే పరిధిలో) ఏ డొమైన్లు ఉన్నాయో, ఏ టెస్టులు వద్దన్నారో పూర్తిగా చదవండి. కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ సైట్‌లో ఉన్న ప్రాజెక్ట్ అయితే అందరికీ కనపడే పబ్లిక్ ఇష్యూ (ఫిర్యాదు పోస్ట్) మాత్రం పెట్టొద్దు, సెక్యూరిటీ ట్యాబ్‌లో ప్రైవేట్‌గా రిపోర్ట్ చేసే ఆప్షన్ ఉందేమో చూడండి. ఏదీ లేక మామూలు సపోర్ట్ మెయిల్ ఒక్కటే దొరికితే మొదటి మెయిల్‌లో బగ్ వివరాలు పెట్టకుండా, సెక్యూరిటీ సమస్య ఉంది ఎవరికి పంపాలి అని అడగండి, ఎందుకంటే ఆ ఇన్‌బాక్స్ ఎంతమంది చూస్తారో మనకి తెలీదు.

రిపోర్ట్ ఎలా ఉండాలంటే, ఆ సైట్ ఎప్పుడూ చూడనివాడు కూడా చదివి ఐదు నిమిషాల్లో బగ్ తెప్పించగలగాలి. సబ్జెక్ట్‌లో "అర్జెంట్, మీ సైట్ హ్యాక్ అయింది" అని కాకుండా "రిసీట్ పేజీలో వేరే స్టూడెంట్ వివరాలు కనపడుతున్నాయి" అని రాయండి. లోపల, ఏ అకౌంట్‌తో లాగిన్ అయ్యా, ఏ పేజీకి వెళ్లా, ఏ నంబర్ మార్చా, ఏం రావాలి, ఏం వచ్చింది. మీరు టెస్ట్ చేసిన తేదీ, టైము, మీ ఐపీ అడ్రస్ కూడా ఇవ్వండి, ఇది చాలామంది వదిలేస్తారు గానీ వాళ్లు లాగ్స్ (ఎవరెప్పుడు ఏం తెరిచారో సర్వర్ రాసుకునే రికార్డులు) చూసేటప్పుడు ఏది మీది, ఏది వేరేవాళ్లదో అప్పుడే తెలుస్తుంది. పొరపాటున వేరేవాళ్ల డేటా కనపడిందా, దాచకుండా అదీ చెప్పండి. స్క్రీన్‌షాట్‌లో పేర్లు, నంబర్లు నల్లగా కొట్టేయండి. డబ్బుల మాట మొదటి మెయిల్‌లో వద్దు, "ఇంత ఇస్తే చెప్తా" అంటే అది బెదిరింపు కిందే లెక్క.

కాలేజీకి రిపోర్ట్ పంపాక నాకు తొమ్మిది రోజులు ఏ రిప్లై రాలేదు. అప్పుడు అదే రిపోర్ట్ సర్ట్-ఇన్‌కి (CERT-In) పంపా, కేంద్ర ఐటీ శాఖ కింద ఉండే సంస్థ, ఇలాంటివి తీసుకుని అవతలివాళ్లతో మాట్లాడటం వాళ్ల పనే. అందరూ వాడే సాఫ్ట్‌వేర్‌లో లోపం అయితే సీవీఈ నంబర్ (ప్రపంచమంతా ఆ లోపాన్ని గుర్తించే నంబర్) కూడా ఇవ్వగలరు, 2021 నుంచి వాళ్లకి ఆ అధికారం ఉంది. ఒక్క కాలేజీ సైట్‌లో బగ్‌కి మామూలుగా సీవీఈ రాదు, దానికోసం అడగొద్దు.

బగ్ గురించి బయట చెప్పేముందు ఎంతకాలం ఆగాలి అంటే, గూగుల్‌లో లోపాలు వెతికే టీమ్ ప్రాజెక్ట్ జీరో 90 రోజులు ఇస్తుంది, అమెరికాలో ఇలాంటి రిపోర్టులు చూసే సర్ట్ సీసీ మామూలుగా 45. నా లెక్కలో 90 పెట్టుకుని, ఆ తేదీ ముందే వాళ్లకి మర్యాదగా చెప్పేయడం మంచిది. ఈలోపు వాళ్లని ట్యాగ్ చేసి పోస్ట్ పెట్టొద్దు, కోపం వస్తుంది నిజమే, కానీ ఆ పోస్ట్ చూసి నంబర్లు మార్చుకుంటూ పోయేవాడు దించేది ఆ పిల్లల వివరాలనే.

ఫిక్స్ చేశాం అని మెయిల్ వచ్చాక ముందు చూసిన పద్ధతిలోనే మళ్లీ చూడండి. నా విషయంలో పేజీ అయితే సరిచేశారు గానీ పీడీఎఫ్ డౌన్‌లోడ్ లింక్ అలాగే ఉండిపోయింది, మళ్లీ రాస్తే రెండ్రోజుల్లో అదీ మూసేశారు. అప్పుడు నా దగ్గరున్న స్క్రీన్‌షాట్లన్నీ డిలీట్ చేసి, చేశానని వాళ్లకి ఒక లైన్ రాసి పంపా.