చిన్నపిల్లలకు బొమ్మల పుస్తకాలు ఎంచుకోవడం ఎలా?

ఏడాదిన్నర పాపకు మంచి పుస్తకం కావాలని దుకాణంలో అడిగితే చాలాచోట్ల అక్షరమాల పుస్తకం చేతిలో పెడతారు. అక్షరాలకు ఇంకా చాలా సమయం ఉంది. ఆ వయసుకు కావలసింది ఒక బొమ్మ, ఆ బొమ్మ గురించి తనతో మాట్లాడే మనిషి. అందుకే ఏ పుస్తకం తీసుకున్నా, దాన్ని పట్టుకుని మీరూ పాపా తెలుగులో ఎంతసేపు మాట్లాడుకోగలరో చూడండి. నేను చూసే మొదటి గుణం అదే.

చెన్నైలో ఉన్న తెలుగు ఇళ్లకు ఇది మరీ అవసరం. తమిళనాడు 2006లో తెచ్చిన చట్టం బడుల్లో ఒకటో తరగతి నుంచి తమిళాన్ని దశలవారీగా తప్పనిసరి చేసింది. వీధిలో తమిళం, తరగతిలో తమిళం, ఇంగ్లీషు. ఇక పిల్లల చెవిన తెలుగు పడేది ఎక్కువగా ఇంట్లోనే.

1. ముందు పిల్లలను గమనించండి

దుకాణానికి వెళ్లే ముందు ఒకటి రెండు రోజులు చూడండి. చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటున్నారా? పేజీ తిప్పబోయి చింపుతున్నారా? కిటికీ మీద వాలిన కాకిని వేలితో చూపిస్తున్నారా? అట్ట మీద అచ్చువేసిన వయసు కన్నా ఈ జవాబులే ఎక్కువ పనికొస్తాయి.

పుట్టిన తొలి వారాల్లో పసివాళ్లకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే కాస్త స్పష్టంగా కనిపిస్తాయి. వాళ్లకు తెలుపు మీద నల్లటి పెద్ద ఆకారాలు చాలు. కూర్చోవడం వచ్చాక బట్ట పుస్తకాలు, దళసరి అట్ట పేజీల పుస్తకాలు ఇవ్వవచ్చు. ఏడాది దాటితే పేజీకి ఒకటి రెండు తెలిసిన వస్తువులు ఉండాలి: చెంబు, చెప్పులు, పిల్లి, అరటిపండు. రెండేళ్లు నిండాక ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వచ్చే చిన్న కథలు బాగుంటాయి. తర్వాత రాబోయే మాటను మీకన్నా ముందే చెప్పేయడం ఆ వయసుకు గొప్ప సంబరం. మూడేళ్లు దాటిన వాళ్లకు కథలో ఏదో ఒక చిక్కు కావాలి. పోయిన చెప్పు, ఆగని వాన, అలిగిన తమ్ముడు, ఏదైనా సరే.

2. అక్షరాలను చేత్తో మూసి, బొమ్మలు మాత్రమే చూడండి

చదవడం రాని పిల్లలు కథను బొమ్మల్లోనే వెతుక్కుంటారు. కాబట్టి మీరూ ఒకసారి అలాగే చూడండి. ఎవరు, ఎక్కడ ఉన్నారు, ఏమి జరిగింది, ఇప్పుడు వాళ్లకు కోపమా, భయమా, సంతోషమా? ఇవి బొమ్మలను బట్టి తెలిస్తే పుస్తకం సగం గెలిచినట్టే.

మంచి పుస్తకంలో బొమ్మ, వాక్యం ఒకే సంగతిని రెండుసార్లు చెప్పవు. కింద ‘అమ్మ వంట చేస్తోంది’ అని ఉందనుకోండి. బొమ్మలో అమ్మ వెనక నుంచి పిల్లి మెల్లగా పాలగిన్నె వైపు నడుస్తూ ఉండాలి. ఆ పిల్లి ఊసు వాక్యంలో ఎక్కడా ఉండదు. పాప వేలు పెట్టేది దాని మీదే. ‘అమ్మో, పాలు తాగేస్తుందా?’ అని మీరు అడుగుతారు, పాప ఏదో ఒకటి అంటుంది. అలా పుట్టే మాటల కోసమే ఈ పుస్తకాలు.

పేజీ పేజీకి ముఖం మారిపోయే అమ్మాయి, ఎక్కడి నుంచో తెచ్చి అతికించినట్టున్న ఏనుగు, ఏడ్చే చోట కూడా చెరగని ఒకే నవ్వు కనిపిస్తే ఆ పుస్తకం వద్దు. రంగులు ఎక్కువగా ఉన్నాయనో, కాగితం మెరుస్తోందనో మోసపోవద్దు. రెండు రంగుల్లో వేసిన గీతల బొమ్మలోనూ ప్రాణం ఉండవచ్చు.

బొమ్మల్లో ఎవరున్నారో కూడా చూడండి. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నిట్లోనూ మంచు, కోటలు, బంగారు రంగు జుట్టే ఉంటే, తన ఇల్లు, తన ఒంటి రంగు కథల్లోకి రావని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. చామనఛాయ అమ్మాయి, నేతచీర కట్టిన అమ్మమ్మ, డాబా మీద ఎండుతున్న వడియాలు, మెరీనా ఇసుకలో గుర్రం, కిక్కిరిసిన ఎలక్ట్రిక్ రైలు ఉన్న పుస్తకం దొరికితే వదలకండి. వంట చేసే నాన్న, చక్రాల కుర్చీలో కూర్చుని ఆటలో ఉన్న పిల్లవాడు కనిపిస్తే మరీ మంచిది.

3. దుకాణంలోనే పైకి చదవండి

చిన్నపిల్లల పుస్తకం మొత్తం చదవడానికి మూడు నాలుగు నిమిషాలు చాలు. సిగ్గుపడకుండా గొంతు విప్పి చదవండి. కంటికి బాగున్న వాక్యం కొన్నిసార్లు నోటికి అడ్డం పడుతుంది. ‘కోతి చేత పండు తినబడింది’ లాంటి వాక్యం కనిపించిందా, పుస్తకాన్ని అక్కడే పెట్టేయండి. ఏ నానమ్మా అలా కథ చెప్పదు. అనువాదాల్లో ఇలాంటివి తరచుగా వస్తాయి. అనువాదాలన్నీ అలాగే ఉండవు, అందుకే చదివి చూడమంటున్నాను.

టపటపా, గలగలా, కిచకిచా, బుడుంగున మునిగింది, చటుక్కున దాక్కుంది. ఇలాంటి చప్పుడు మాటలు మన భాషలో కొల్లలు. అవి నిండుగా ఉన్న పుస్తకాన్ని ఇంకా మాటలు రాని పిల్లలు కూడా శ్రద్ధగా వింటారు, నవ్వుతారు, నోరు కదుపుతారు.

అచ్చునూ గమనించండి. తెలుగులో వత్తులు వరుస కిందికి దిగుతాయి. వరుసల మధ్య చోటు చాలకపోతే కింది గుణింతాల్లో చిక్కుకుపోతాయి. ముదురు రంగు బొమ్మ మీద నల్లటి అక్షరాలు వేసిన పుస్తకాలూ ఉన్నాయి. రాత్రి దీపం వెలుతురులో కళ్లద్దాల తాతయ్య తడుముకోకుండా చదవగలగాలి.

చివరి పేజీలో గడి కట్టి ‘నీతి’ అని రాసిన పుస్తకాలను నేను కొనను. కథ అయిపోయాక పిల్లలు అడగబోయే ప్రశ్నను ఆ గడి ముందే ఆపేస్తుంది.

4. తెలుగు చదవడం రాకపోతే

చెన్నైలో పుట్టి పెరిగిన ఎంతోమంది తెలుగువాళ్లకు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అంతమాత్రాన పుస్తకాలు మానుకోనక్కరలేదు. తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండే ద్విభాషా పుస్తకాలు తీసుకోండి. అసలు మాటలే లేని బొమ్మల పుస్తకాలూ ఉంటాయి, వాటిని ఏ భాషలోనైనా చెప్పవచ్చు. తమిళ పుస్తకం బాగుంటే అదే తెచ్చి, బొమ్మలు చూపిస్తూ కథ తెలుగులో చెప్పండి. తమిళంలోనూ చదివి వినిపించండి. అది పిల్లలు ఆడుకునే వీధి భాష, దూరం పెట్టవలసినది కాదు.

5. చేతికిచ్చే ముందు

మూలలు గుండ్రంగా ఉన్నాయా, స్టేపుల్ పిన్నులు పైకి లేచి ఉన్నాయా, అతికించిన గుండీలు, కళ్లు ఊడివస్తాయా చూడండి. నొక్కితే పాట వచ్చే పుస్తకాల్లో బటన్ సెల్, అంటే గుండీలా ఉండే చిన్న బ్యాటరీ, ఉంటుంది. పిల్లలు మింగితే కొద్ది గంటల్లోనే గొంతును కాల్చేయగలదు. దాని మూత స్క్రూతో బిగించి లేకపోతే కొనవద్దు.

6. ఎక్కడ దొరుకుతాయి?

పిల్లల పత్రికలు ‘బాల’ 1945లో, ‘చందమామ’ 1947 జులైలో చెన్నైలోనే మొదలయ్యాయి. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలతో ఉన్న పాత సంచికలు మీ ఇంట్లో ఉంటే భద్రంగా దాచండి, కానీ రెండేళ్ల పిల్లలకు ఇప్పుడే వద్దు. ఆ కథలు ఏడెనిమిదేళ్ల వయసుకు సరిపోతాయి.

చెన్నైలోని తూలిక సంస్థ 1996 నుంచి పిల్లల పుస్తకాలు వేస్తోంది. వాళ్ల దగ్గర తెలుగు పుస్తకాలు, తెలుగు-ఇంగ్లీషు ద్విభాషా పుస్తకాలు ఉంటాయి. ఇదే ఊళ్లోని తారా బుక్స్ చేతి కాగితం మీద స్క్రీన్ ప్రింటింగుతో చేసే పుస్తకాలు ఎంతో అందమైనవి. అయితే చింపే వయసు దాటాకే వాటిని తీయండి. సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ తెలుగులో ఎన్నో బొమ్మల కథలు ప్రచురించింది.

బెంగళూరుకు చెందిన ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దింపుకోవచ్చు. నాలుగు స్థాయిల్లో ఉంటాయి, చిన్నవాళ్లకు ఒకటో స్థాయి తీసుకోండి. వాటిని ఫోనులో చూపించే బదులు అచ్చుతీయించి కుట్టించండి. రెండేళ్ల లోపు పిల్లలను తెర ముందు కూర్చోబెట్టడం తగదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే సూచించింది.

జనవరిలో సంక్రాంతి రోజుల్లో జరిగే చెన్నై పుస్తక ప్రదర్శనలో తమిళ, ఇంగ్లీషు పుస్తకాలే ఎక్కువ. అయినా ఒకేచోట ఎన్నో బొమ్మల పుస్తకాలు తిరగేసి చూసే వీలుంటుంది.

7. కొనే ముందు ఒక అవకాశం ఇవ్వండి

మీకు నచ్చిన మూడు పుస్తకాలు నేల మీద పరిచి, ఒకటి పిల్లలనే తీసుకోనివ్వండి. మధ్యలో లేచిపోతే పిలవకండి. నచ్చని పుస్తకాన్ని రెండు మూడు నెలలు పక్కన పెట్టి మళ్లీ తీస్తే కొన్నిసార్లు అదే ముద్దు పుస్తకం అవుతుంది.

డబ్బు ఆలోచించేవాళ్లు కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల విభాగానికి ఒక ఆదివారం తీసుకెళ్లండి. అపార్టుమెంటులో తెలుగు ఇళ్లు నాలుగైదు ఉంటే పుస్తకాలు మార్చుకోండి. అలా అరువు తెచ్చిన వాటిలో ఏ పుస్తకాన్ని తిరిగి ఇచ్చేటప్పుడు పిల్లలు ఏడుస్తారో, దాన్ని కొనండి.