పాటల కార్డు కాపీ కొట్టి అమ్మితే శిక్ష ఎంత, కేసు ఎలా నిలబెట్టాలి

ఒక భజన బృందం చేతి డబ్బు పెట్టి, నెల్లూరులోనో ఒంగోలులోనో స్టూడియో అద్దెకు తీసుకుని పది పాటలు రికార్డు చేయించుకుంటుంది. పెంచలకోన బ్రహ్మోత్సవాలు వచ్చేసరికి అవే పాటలు పేరూ ఊరూ లేని పెన్‌డ్రైవులోనో మెమరీ కార్డులోనో వందకో నూటయాభైకో అంగట్లో దొరుకుతుంటాయి. అప్పుడు చాలామంది స్టేషన్‌కు వెళ్లి ‘మా పాటలు దొంగిలించారు’ అని నాలుగు వాక్యాల అర్జీ ఇచ్చి వస్తారు. ఆ అర్జీతో ఏమీ కదలదు. ఇది దొంగతనం కేసు కాదు, 1957 నాటి కాపీరైట్ చట్టం కింద నడిచే కేసు. అందులో శిక్షలు గట్టివే. కాకపోతే ఒక్కో సెక్షనుకు రుజువు చేయాల్సింది ఒక్కోటి. మన చేతిలో ఏ ఆధారం ఉందో చూసుకుని సెక్షను పట్టుకోవాలి.

ఏ సెక్షనుకు ఎంత

అసలు సెక్షను 63. తెలిసి కాపీరైటు ఉల్లంఘించినా, అందుకు సాయపడినా కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు. జరిమానా 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా. ఇన్ని కాపీలు ఉంటేనే నేరం అనే లెక్క చట్టంలో లేదు. వంద రూపాయల కార్డు అమ్మినవాడికైనా జరిమానా 50 వేల దగ్గరే మొదలవుతుంది. వ్యాపారంలో లాభం కోసం చేయలేదని తేలితే, కారణాలు తీర్పులో రాసి కోర్టు శిక్ష తగ్గించవచ్చు. కానీ కొట్టు పెట్టి, బల్ల మీద ధర రాసి అమ్మినవాడికి ఆ మినహాయింపు దొరకడం కష్టం. అదే మనిషికి రెండోసారి శిక్ష పడితే 63ఎ కింద జైలు 1 సంవత్సరం నుంచి, జరిమానా లక్ష నుంచి మొదలవుతాయి.

63లో ‘తెలిసి’ అన్న మాటే అసలు ముడి. ‘ఎవరో ఇచ్చిపోయారు, నాకేం తెలుసు’ అనే జవాబు ప్రతి కొట్టులోనూ సిద్ధంగా ఉంటుంది. అందుకే ఎక్కువమంది పట్టించుకోని 68ఎ ఇక్కడ పనికొస్తుంది. 52ఎ ప్రకారం రికార్డింగు మీద, దాని కవరు మీద మూడు వివరాలు ఉండాలి: తయారుచేసినవారి పేరు, చిరునామా; కాపీరైటు హక్కుదారు పేరు, చిరునామా; మొదట విడుదలైన సంవత్సరం. ఇవి లేకుండా విడుదల చేస్తే 68ఎ కింద 3 ఏళ్ల దాకా జైలు, జరిమానా. ఈ సెక్షనులో ‘తెలిసి’ అన్న షరతు లేదు. పేరు లేని కవరే సాక్ష్యం. అయితే ఇది రెండువైపులా కోస్తుంది. మీ సొంత ఆల్బమ్ కవరు మీద స్వామి బొమ్మ, గాయకుడి ఫోటో, ఫోను నంబరు మాత్రమే ఉంటే ముందు దాన్ని సరిచేసుకోండి. లేకపోతే అవతలి వకీలు మొదటి ప్రశ్న దాని మీదే వేస్తాడు.

కాపీలు తీసే సాధనం దగ్గర ఉంచుకుంటే సెక్షను 65 కింద 2 ఏళ్ల దాకా. చట్టం దాన్ని ‘ప్లేటు’ అంటుంది. అచ్చు దిమ్మెల కాలం నాటి మాట అయినా, నకలు తీసే పరికరాలన్నీ ఆ నిర్వచనంలోకి వస్తాయి కాబట్టి కొట్టులోని కంప్యూటరు, పది కార్డులు ఒకేసారి ఎక్కించే డూప్లికేటరు దాన్నుంచి తప్పించుకోలేవు. ఫైల్లో పొదిగిన హక్కుదారు వివరాలు, ఒక్కో రికార్డింగును గుర్తుపట్టడానికి ఇచ్చే 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడు తెలిసి చెరిపేస్తే 65బి కింద మరో 2 ఏళ్ల దాకా.

సినిమా అయితే లెక్క వేరు. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించారు. హాల్లో బొమ్మను కెమెరాతో పట్టినా, దొంగ కాపీని లాభం కోసం జనానికి ప్రదర్శించినా 3 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 3 లక్షలకు తగ్గని జరిమానా. ఆ జరిమానా సినిమా నిర్మాణానికైన ఆడిట్ చేసిన ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. లోకల్ కేబుల్‌లో రాత్రిపూట కొత్త సినిమా వేసే వాళ్లు ఈ అంకెను ఒకసారి కాగితం మీద వేసి చూసుకోవాలి. సరుకు చెన్నైలో తయారై సరిహద్దులోని తడ మీదుగా వస్తుంటే, అక్కడి చట్టం ఇంకా కటువు. తమిళనాడు గూండా చట్టంలో వీడియో పైరసీని 2004లోనే చేర్చారు. విచారణ లేకుండానే ఏడాది దాకా నిర్బంధించవచ్చు.

హక్కు మీదే అని చూపించే కాగితం

పాడింది మనమే కదా, హక్కు మనదే కదా అంటే సరిపోదు. రికార్డింగుకు చొరవ తీసుకుని, బాధ్యత మోసినవారే నిర్మాత. ఆ రికార్డింగు మీద మొదటి హక్కు నిర్మాతదే. గాయకుడి ప్రదర్శన హక్కు వేరు, పాట రాసినవారి హక్కు, బాణీ కట్టినవారి హక్కు వేరు. స్టూడియోకు అద్దె కట్టిన రసీదు, మాస్టరు ఫైలు (అసలు రికార్డింగు), రికార్డింగు తేదీ, రాసినవారితోనూ బాణీ కట్టినవారితోనూ చేసుకున్న ఒప్పందం ఒక ఫైల్లో పెట్టండి. హక్కు బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి, నోటిమాట చెల్లదు. ఒప్పందంలో ఎన్నేళ్లో రాయకపోతే 5 ఏళ్లుగానే లెక్క. ఎక్కడికి వర్తిస్తుందో రాయకపోతే భారతదేశం వరకే. ఏడో ఏట కేసు పెట్టబోయి, తమ హక్కు రెండేళ్ల కిందటే తీరిపోయిందని అప్పుడు తెలుసుకునే వాళ్లున్నారు.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా చేయించడం మంచిది, కోర్టులో అది ప్రాథమిక సాక్ష్యంగా నిలుస్తుంది. సౌండ్ రికార్డింగుకు ఫారం 14, ఫీజు 2,000 రూపాయలు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి.

పాత పాటల విషయంలో ఒక పొరపాటు బాగా వ్యాపించింది. రికార్డు మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1960లో వచ్చిన రికార్డు హక్కు 2020 డిసెంబరు 31తో తీరింది. కానీ రచనకూ బాణీకీ లెక్క వేరు, చేసినవారు పోయిన తర్వాత 60 ఏళ్లు. ఘంటసాల 1974లో పోయారు కాబట్టి ఆయన కట్టిన బాణీల మీద హక్కు 2034 చివరిదాకా ఉంటుంది. ‘పాతవే గదయ్యా’ అని కార్డుల్లో ఎక్కించి అమ్మడానికి ఇది అడ్డం.

కొని పట్టుకోవడం

ఫిర్యాదుకు ముందు సరుకు కొనండి. ఒకటి కాదు, రెండు. ఒకటి సీలు వేసి ఉంచడానికి, ఇంకొకటి వినడానికి. డబ్బు నగదుగా ఇవ్వకండి. కొట్టు క్యూఆర్ కోడుకు ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో కట్టండి. బిల్లు ఇవ్వకపోయినా తేదీ, సమయం, ఖాతాదారు పేరు అందులో నిలిచిపోతాయి. కొన్న కార్డును వెంటనే సెల్‌లో పెట్టి వినడమే అందరూ చేసే తప్పు. ఫోను ఆ కార్డులో సొంత ఫోల్డర్లు సృష్టిస్తుంది. రేపు అవతలివాళ్లు ‘మీరే ఎక్కించారు’ అనడానికి అదే దారి. మైక్రో ఎస్‌డీ అయితే అడాప్టరులో పెట్టి, పక్కనున్న లాక్ కిందికి జరిపి, కంప్యూటరులో తెరవండి. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య, ఫైలు కాస్త మారినా అది మారిపోతుంది) తీసి రాసుకోండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షను 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఎ భాగం పరికరం ఎవరి చేతిలో ఉందో వారు, బి భాగం నిపుణుడు నింపుతారు. హ్యాష్ విలువ అందులోనే రాయాలి.

కాపీ కొట్టినవాడు ఎంపీ3గా కుదిస్తే హ్యాష్ మీ మాస్టరుతో కలవదు. దానికి కంగారు పడనక్కర్లేదు. చెవితోనూ, తరంగ రూపంతోనూ పోల్చవచ్చు. మాస్టరు తయారుచేసేటప్పుడే మూడో పాట చివర అర సెకను తంబుర శబ్దం అదనంగా వదలడం లాంటి గుర్తు పెట్టుకుంటే పోలిక సులువవుతుంది.

నోటీసు ముందు ఇవ్వాలా? చిల్లరగా అమ్మే కొట్టుకైతే ఇవ్వండి. స్పీడ్ పోస్టులో నోటీసు అందిన తర్వాత అమ్మితే ‘తెలియదు’ అనే మాట చెల్లదు. కాపీలు తీసే చోటుకు మాత్రం ఇవ్వకండి. ఇస్తే సాయంత్రానికల్లా కంప్యూటరు అక్కడ ఉండదు.

స్టేషన్‌లో, తనిఖీలో

కాపీరైట్ చట్టం సెక్షను 63 నేరానికి పోలీసులు నేరుగా కేసు కట్టవచ్చా అన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. 2022 మే 20న సుప్రీంకోర్టు నిట్ ప్రో కేసులో తేల్చింది: ఇది కాగ్నిజబుల్ (కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు కేసు కట్టగల), నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా దొరకని) నేరం. ఎస్సై ‘కోర్టుకు పోండి’ అంటే ఆ తీర్పు ప్రతి చూపించండి. ఏ స్టేషన్ పరిధి అన్నది తేలకపోయినా జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) కట్టాలి. 3 ఏళ్ల నుంచి 7 ఏళ్ల లోపు శిక్షపడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలుంది. ఆ రెండు వారాల్లో సరుకు మాయం కాకుండా ఉండాలంటే, తిరునాళ్ల ముగిసేలోగా అమ్ముడైపోతుందని అర్జీలోనే రాయాలి. కేసు కట్టకపోతే అర్జీని పోస్టులో ఎస్పీకి పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లండి. 2022 నుంచి ఇటు జిల్లా హద్దులు మారుతూ వచ్చాయి, మీ స్టేషన్ ఇప్పుడు ఏ ఎస్పీ కిందో చూసుకుని చిరునామా రాయండి.

వారెంటు లేకుండా సరుకు స్వాధీనం చేసుకునే అధికారం ఎస్సై, ఆపై హోదా వాళ్లకే. హెడ్ కానిస్టేబుల్ వచ్చి సంచీలో వేసుకుపోతే ఆ స్వాధీనమే ప్రశ్నార్థకం. సోదాను వీడియో తీయడం ఇప్పుడు తప్పనిసరి. మధ్యవర్తుల రిపోర్టులో (సాక్షుల ముందు రాసే స్వాధీనం కాగితంలో) ‘కొన్ని మెమరీ కార్డులు’ అని రాయనివ్వకండి. ఎన్ని, ఏ కంపెనీవి, ఎన్ని జీబీ, ఏ పాటలున్నాయో రాయించండి. హార్డ్‌డిస్కు సీరియల్ నంబరు కూడా ఎక్కాలి. కార్డులన్నీ పట్టుకుని, వాటిలో ఒక్కటైనా అసలు రికార్డింగుతో పోల్చకుండా చార్జిషీటు వేస్తే, ఆ కేసు విచారణలో అక్కడే కూలిపోతుంది.

నాన్ బెయిలబుల్ అంటే వెంటనే లోపల వేస్తారని కాదు. శిక్ష 7 ఏళ్ల లోపే కాబట్టి సాధారణంగా నోటీసు ఇచ్చి పిలుస్తారు. కొట్టు యజమాని దాన్ని తేలిగ్గా తీసుకుని హాజరు కాకపోతే అరెస్టుకు కారణం తనే ఇచ్చినట్టు. పట్టుకున్న వాటిలో తన సొంత సరుకు, కస్టమర్ల ఫోన్లు ఉంటే 15 రోజుల్లోగా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ గడువు దాటించుకునే వాళ్లే ఎక్కువ.

విచారణ జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు కోర్టులో జరుగుతుంది. ఊళ్లో పెద్దమనుషులు కూర్చోబెట్టి రాజీ చేసినా కేసు తనంతట తాను పోదు, లోక్ అదాలత్‌లోనూ ముగియదు. రాజీ పత్రంతో హైకోర్టుకు వెళ్లి కొట్టేయించుకోవాల్సిందే, ఆ ఖర్చు ఎవరిదో రాజీలోనే రాసుకోండి. నిందితుడికి శిక్ష పడినా పడకపోయినా కాపీలను, ప్లేట్లను హక్కుదారుకు ఇప్పించే అధికారం సెక్షను 66 కింద కోర్టుకు ఉంది. అడగకపోతే ఇవ్వరు, పిటిషను మీ వకీలు చేత ముందే వేయించండి.