టారో పాఠం 7: కత్తుల ఆరు, లేని పడవ

గత పాఠం చివర ఒక పని అప్పగించాను. మీ దగ్గరున్న టారో పేకలోంచి, అంటే ఇప్పుడు జోస్యానికి వాడే బొమ్మల పేకలోంచి, కత్తుల వర్గంలోని ఆరు ముక్క తీసి, పుస్తకం తెరవకుండా, కంటికి కనిపించింది మాత్రమే రాయమన్నాను. రైడర్-వెయిట్ పేక ఉన్నవారు పడవ, పడవవాడు, ముడుచుకు కూర్చున్న ప్రయాణికులు అని రాసి ఉంటారు. పాత ఫ్రెంచి పేక అయిన మార్సెయ్ పేకలో పడవా లేదు, నీళ్లూ లేవు. వంపు తిరిగిన ఆరు కత్తులు, నడుమ తుంచిన పువ్వు ఒకటి, అంతే. 20వ శతాబ్దంలో వచ్చిన థోత్ పేకలో ఆరు మొనలూ మధ్యనున్న గులాబీ దగ్గర కలుస్తాయి. అయినా చాలా అర్థాల పట్టికలు ఈ మూడింటికీ కలిపి 'కష్టాల నుంచి దూరంగా ప్రయాణం' అని ఒకే చీటీ అంటిస్తాయి. నేనూ మొదట్లో మార్సెయ్ ముక్కను ముందు పెట్టుకుని లేని పడవ కోసం వెతికినవాణ్ణే.

ఈ వారం సాధన ఇది: ఒక అర్థం ఎదురుపడితే అది దేని మీద నిలబడిందో పట్టుకోవాలి. బొమ్మ మీదా, అంకె మీదా, గ్రహరాశుల మీదా, లేక ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన మాట మీదా?

పాతదానితో మొదలుపెడదాం. టారో పుట్టింది 15వ శతాబ్దపు ఉత్తర ఇటలీలో, జోస్యానికి కాదు, ఆటకు. అందులోని కత్తులు మన ఇస్పేటుకు దగ్గరి చుట్టాలు. ఇంగ్లీషు పేకలోని స్పేడ్ అన్న పేరే కత్తికి ఇటాలియన్ మాటైన 'స్పాదా' నుంచి వచ్చింది. మార్సెయ్ పేకలో ఈ అంకె ముక్కల మీద కథ చెప్పే బొమ్మలు ఉండవు. అందుకే దాన్ని చదివేవారు వర్గాన్నీ అంకెనూ కలిపి అర్థం కడతారు. ఆరు సమతూకం, కత్తి ఆలోచన అనుకుంటే, తగవు సద్దుమణిగిన మనసు అని చెప్పవచ్చు. వేరొకరు వేరేలా కడతారు, అందులో తప్పేమీ లేదు.

మాటల పట్టిక తెచ్చినవాడు ఎతేయా అనే జోస్యుడు. అసలు పేరు అల్యెత్. అక్షరాలు వెనక నుంచి ముందుకు చదివి కొత్త పేరు పెట్టుకున్నాడు. 18వ శతాబ్దం చివర పారిస్‌లో జోస్యం కోసమే ప్రత్యేకంగా పేక అచ్చువేయించాడు. అందులో కత్తుల ఆరు 58వ ముక్క. నిలువుగా పడితే 'దారి', తలకిందులుగా పడితే 'ప్రకటన'. ఈ రెండో మాటను పక్కన రాసి ఉంచుకోండి.

1888లో లండన్‌లో పుట్టిన గోల్డెన్ డాన్ అనే గుప్తవిద్యల సంఘం గ్రహాలను తీసుకొచ్చింది. పన్నెండు రాశుల్లో ఒక్కోదాన్ని మూడు ముక్కలు చేస్తే ముప్పై ఆరు. నాలుగు వర్గాల్లో రెండు నుంచి పది వరకు ముక్కలూ ముప్పై ఆరే. లెక్క కుదిరింది. కత్తుల ఆరుకు కుంభంలో రెండో భాగం, అధిపతి బుధుడు, బిరుదు 'కష్టించి సాధించిన విజయం'. ద్రేక్కాణాలు (మన జ్యోతిషంలో రాశిని మూడుగా చేసిన భాగాలు) తెలిసిన తెలుగు పాఠకులు ఇక్కడ ఉత్సాహపడతారు, ఎందుకంటే మన లెక్కలోనూ కుంభం రెండో ద్రేక్కాణానికి అధిపతి బుధుడే. అది కాకతాళీయం. పక్కనున్న కత్తుల ఏడు చూడండి: వాళ్లకు చంద్రుడు, మనకు శుక్రుడు. రెండు పద్ధతులనూ కలిపి వండకండి.

రైడర్-వెయిట్ పేక కూర్చిన వెయిట్, థోత్ పేక కూర్చిన క్రౌలీ ఇద్దరూ ఆ సంఘంలో ఉన్నవారే, అయినా దారులు వేరయ్యాయి. 1909లో వెయిట్ కోసం పమేలా కోల్‌మన్ స్మిత్ ప్రతి అంకె ముక్కకూ ఒక దృశ్యం గీసింది. ఎతేయా చెప్పిన 'దారి' ఇక్కడ నీటి మీదికి దిగి పడవ ప్రయాణమైంది. ఇక అదే ముక్క తలకిందులైతే వెయిట్ ఇచ్చిన అర్థాల్లో 'ప్రకటన', 'ఒప్పుకోలు' ఉన్నాయి. పడవ బోల్తాపడితే ఒప్పుకోలు ఎందుకు వస్తుంది? బొమ్మను ఎంతసేపు చూసినా జవాబు దొరకదు. ఇందాక పక్కన రాసుకున్న మాట తీయండి, అతుకు కనిపిస్తుంది. క్రౌలీ మాత్రం బుధుడి వెంటే వెళ్లాడు. 1938 నుంచి 1943 వరకు ఫ్రీడా హారిస్ చిత్రించిన థోత్ పేకలో ఈ ముక్క పేరు 'విజ్ఞానం'. ఈ ముక్కలో ప్రయాణం చదివేవారు వెయిట్ పడవను అరువు తెచ్చుకున్నట్టే.

కాబట్టి సగటు తీయవద్దు. ప్రయాణం, విజ్ఞానం, సమతూకం మూడూ కలిపి రుబ్బితే వచ్చేది ఎవరికీ పనికిరాని పిండి. నోటుపుస్తకంలో ముక్కకు ఒక పేజీ ఇవ్వండి, ప్రతి అర్థం పక్కన బొమ్మ, అంకె, గ్రహం, మాట అని దాని ఆధారం రాయండి. ఏ ఆధారమూ దొరకని అర్థం పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఆసక్తికరమైనవి సాధారణంగా అవే.

పెద్ద ముక్కల్లో, అంటే నాలుగు వర్గాలకు బయటున్న బొమ్మ ముక్కల్లో, 8, 11 తారుమారు గురించి చాలామంది అడిగారు. మార్సెయ్‌లో న్యాయం 8, బలం 11. వెయిట్‌లో అవి అటూ ఇటూ అయ్యాయి. బలం ముక్కలో సింహం, న్యాయం చేతిలో త్రాసు. సింహరాశి తర్వాత కదా తుల వచ్చేది! రాశుల వరసకు కట్టుబడి అంకెలు మార్చారు. క్రౌలీ పాత అంకెలనే తిరిగి వేసి, పేర్లు మార్చాడు.

వచ్చే పాఠానికి పని: నాణేల అయిదు. వెయిట్ ముక్కలో వెలుగుతున్న కిటికీ కింద మంచులో నడిచే ఇద్దరు నిరుపేదలు. థోత్‌లో దాని పేరు 'చింత'. గోల్డెన్ డాన్ బిరుదూ డబ్బు కష్టాలదే. అయితే వెయిట్ తన పుస్తకంలో ఇదే ముక్కకు, కొందరు జోస్యులు దీన్ని ప్రేమికుల ముక్క అంటారని కూడా రాశాడు. ఆ మంచులోకి ప్రేమికులు ఎటు నుంచి వచ్చారో వెతికి పట్టుకురండి.