సినిమా కోసం ఊరు మారుతున్నారా? ఇంట్లో ఈ ఒక్క అబద్ధం మాత్రం చెప్పకండి

కిందటి నెల ఒకమ్మాయి నాకు ఫోన్ చేసింది. "సార్, మా తమ్ముడు మీ సినిమాలో చేస్తున్నాడట కదా, షూటింగ్ ఎప్పటికి అయిపోతుంది? మూడు వారాలుగా ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ పెడితే సెట్‌లో ఉన్నానంటాడు" అంది. పేరు అడిగి పాత ఆడిషన్ షీట్లు తిరగేశాను. ఆ అబ్బాయి పేరు ఒకే ఒక్కచోట కనిపించింది. పక్కన మా అసిస్టెంట్ రాసిన రెండు ముక్కలు: 'గొంతు బాగుంది. తర్వాత చూద్దాం.' ఆ తర్వాత మేం అతన్ని పిలవలేదు. ఆ సినిమా అసలు మొదలే కాలేదు.

అడ్రస్ కనుక్కుని వెళ్లేసరికి నాలుగు రోజుల జ్వరంతో గదిలో పడుకుని ఉన్నాడు. గోడ మేకుకి ప్లాస్టిక్ కవర్లో ఒక తెల్ల చొక్కా వేలాడుతోంది. ఆడిషన్ల కోసం దాచుకున్నదట, ఇస్త్రీ మడత కూడా నలగలేదు. 'కాస్ట్యూమ్ డిపాజిట్' పేరుతో ఎవడో అతని దగ్గర మూడు విడతలుగా డబ్బు గుంజాడు. రెండో విడతకే అనుమానం వచ్చిందట. "మరి మూడోది ఎందుకు కట్టావురా?" అని అడిగాను.

"అప్పటికే పాత్ర వచ్చిందని ఇంట్లో చెప్పేశాను సార్" అన్నాడు.

ఆ మాట విన్నాక రాయకుండా ఉండలేకపోయాను. కాస్టింగ్‌లోను, డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లోను ఇన్నేళ్లు పనిచేసి చూసిన వాటిలో, మనుషుల్ని నిలువునా ముంచిన తప్పు ఇదొక్కటే. పాత్ర ఇస్తామని డబ్బు అడిగేవాడు మోసగాడని మీకు తెలుసు. ఆ అబ్బాయికీ తెలుసు. తెలిసే కట్టాడు. అందుకే తెలిసిన సంగతులు మళ్లీ చెప్పను.

ఆ అబద్ధం ఎలా మొదలవుతుంది

చాలా చిన్నగా మొదలవుతుంది. ఆడిషన్ బాగా జరుగుతుంది, ఎవరో భుజం తట్టి "కాల్ చేస్తాం" అంటారు. ఇంటికి ఫోన్ చేసి "దాదాపు ఓకే అయినట్టే" అంటాం. అమ్మ సంతోషపడి పిన్నికి చెబుతుంది, పిన్ని నలుగురికీ చెబుతుంది. వారం తిరిగేసరికి మన 'దాదాపు' ఎటు పోయిందో తెలియదు. అందరూ రిలీజ్ ఎప్పుడని అడుగుతుంటారు. ఇక అక్కడినుంచి ఒంట్లో బాగోలేదని చెప్పలేం, డబ్బు అయిపోయిందని చెప్పలేం, మోసపోయామని అసలే చెప్పలేం. పాత్ర వచ్చినవాడికి ఇవన్నీ ఎందుకు జరుగుతాయి మరి?

మోసం చేసేవాళ్లకు కావలసింది కూడా సరిగ్గా ఇదే. 'హాలీవుడ్ కాన్ క్వీన్', అంటే మోసాల రాణి, అని పత్రికలు పేరు పెట్టిన కేసు చూడండి. పేరున్న మహిళా నిర్మాతల గొంతులు అనుకరిస్తూ ఫోన్లు చేసి, నటుల్ని, స్టంట్ కళాకారుల్ని, ఫొటోగ్రాఫర్లని, మేకప్ ఆర్టిస్టుల్ని సొంత ఖర్చుతో ఇండోనేషియాకి రప్పించారు. ఖర్చులన్నీ తర్వాత తిరిగి ఇస్తామన్నారు, ఇవ్వలేదు. బాధితులు ముందుకు రావాలని 2019లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ప్రకటన ఇచ్చింది, 2020లో బ్రిటన్‌లో నిందితుణ్ని అరెస్ట్ చేశారు. మోసపోయినవాళ్లలో అనుభవం ఉన్న నిపుణులు కూడా ఉన్నారు. అమాయకులే మోసపోతారని అనుకోకండి. ఆశ పెట్టుకుని, ఆ ఆశని నలుగురికీ చెప్పేసుకున్న ఎవరైనా మోసపోతారు.

కథ బయటపెట్టొద్దనే ఒప్పందాలు సినిమాల్లో నిజంగానే ఉంటాయి. కానీ నువ్వు ఏ ఊళ్లో, ఏ అడ్రస్‌లో, ఎవరితో ఉన్నావో ఇంట్లో చెప్పొద్దని సరైన కంపెనీ ఏదీ అనదు. అలా అన్నారంటే బ్యాగ్ తీసుకుని వచ్చేయండి.

రాని పాత్ర వచ్చిందని ఇంట్లో చెప్పకండి. ఒప్పందం మీద రెండు వైపులా సంతకాలు పడేదాకా 'ఆడిషన్ ఇచ్చాను' అనండి, అంతే. సంతకాలు పడ్డాక కూడా 'ఒప్పుకున్నారు, షూటింగ్ ఇంకా మొదలవలేదు' అనండి. ఎడిటింగ్‌లో మన సీన్ మొత్తం ఎగిరిపోవచ్చు, అది ఎవరికైనా జరుగుతుంది.

బయల్దేరే ముందు

డబ్బుని మూడు భాగాలు చేయండి. ఒకటి బతకడానికి, ఒకటి ఒంట్లో బాగోకపోతే, మూడోది తిరిగి రావడానికి. మూడోదాన్ని మీ దగ్గర పెట్టుకోకండి. అక్క దగ్గరో స్నేహితుడి దగ్గరో ఉంచి, 'నేను వచ్చేస్తున్నానంటే తప్ప ఇవ్వొద్దు' అని చెప్పండి. మన దగ్గరే ఉంటే ఫొటోలకో, జిమ్‌కో, ఎవడి డిపాజిట్‌కో కరిగిపోతుంది. వెనక్కి వెళ్లే దారి ఉన్నవాడే 'వద్దు' అని ధైర్యంగా అనగలడు, అందుకే అంత గట్టిగా చెబుతున్నాను.

చేతిలో డబ్బు ఎన్ని నెలలకు సరిపడా ఉండాలని అడుగుతారు. మీరు అనుకున్నదానికి రెట్టింపు. 2023లో అమెరికాలో రచయితల సమ్మె 148 రోజులు, నటుల సమ్మె 118 రోజులు నడిచింది. చేతినిండా పని ఉన్నవాళ్లు కూడా నెలల తరబడి ఖాళీగా కూర్చున్నారు. కొత్తగా వచ్చినవాళ్ల సంగతి చెప్పాలా?

ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజుకల్లా స్టార్ అయిపోవాలని లేదు, ఆ రోజు కూర్చుని లెక్క చూసుకోవాలి. ఎన్ని ఆడిషన్లు ఇచ్చాం, ఎన్నిసార్లు రెండో రౌండ్‌కి పిలిచారు, ఎన్ని రోజులు పనిచేసి డబ్బు తీసుకున్నాం అనేవి చూడండి. రెండో రౌండ్ పిలుపులు పెరుగుతుంటే ఉండండి. ఏడాదిగా ఒక్కటీ రాకపోతే లోపం ఎక్కడుందో తెలిసినవాళ్లని అడగండి. ఈ తేదీ ఇంట్లోవాళ్లకి కూడా తెలియాలి.

ఊరు మారకముందే ఒక రెండు వారాలు వెళ్లి ఉండి చూడండి. సెల్ఫ్ టేప్‌లు, అంటే మనమే తీసుకునే ఆడిషన్ వీడియోలు, ఉన్నచోటునుంచే పంపొచ్చు, ఈ రోజుల్లో మొదటి వడపోత చాలాచోట్ల వాటితోనే జరుగుతోంది. పక్కన ఇంకో పని పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. ఎడిటింగ్, డబ్బింగ్, సబ్‌టైటిల్స్, సౌండ్ ఏదైనా సరే. ఆడిషన్ రోజున సెలవు దొరికే పని అయితే చాలు.

వెళ్లిన తర్వాత

ఫొటోలు, పోర్ట్‌ఫోలియో: 'మాకు తెలిసిన ఫొటోగ్రాఫర్ దగ్గరే తీయించుకోవాలి' అని పట్టుబట్టే మేనేజర్‌కి అసలు ఆదాయం అక్కడే. కాలిఫోర్నియాలో నటులకు పని ఇప్పిస్తామని ముందే ఫీజు పుచ్చుకోవడాన్ని నేరం చేసే చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. అది వచ్చాక కూడా 2017లో లాస్ ఏంజెలెస్‌లో 5 కాస్టింగ్ వర్క్‌షాప్‌లకు సంబంధించి 25 మందిపై కేసులు పెట్టారు. క్లాసు అని పేరు, లోపల అమ్మింది కాస్టింగ్‌వాళ్ల ముందు నిలబడే అవకాశం. నేర్చుకోవడానికి డబ్బు కట్టండి, కనబడడానికి కట్టకండి.

మేనేజర్, ఏజెంట్: వాళ్లకి డబ్బు మీ సంపాదనలోంచి వెళ్లాలి. అమెరికా నటుల యూనియన్ గుర్తింపు ఉన్న ఏజెంట్లు తీసుకునే కమీషన్ 10 శాతం. మీరు ఒక్క రూపాయి సంపాదించకముందే అడిగేవాడు ఏజెంటే కాదు. ఇంకెవరి ద్వారా పని తీసుకోవద్దంటూ ఏళ్ల తరబడి కట్టిపడేసే ఎక్స్‌క్లూజివ్ కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టకండి. ఇంటికి తెచ్చుకుని చదవండి, తెలిసిన లాయర్‌కి చూపించండి.

ఆడిషన్ ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో అనేది ముందుగా రాతలో అడగండి. మలయాళ సినిమాల్లో ఆడవాళ్ల పరిస్థితి మీద కేరళ ప్రభుత్వం 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ 2019 చివర్లో నివేదిక ఇచ్చింది, అది జనంలోకి వచ్చింది మాత్రం 2024 ఆగస్టులో. 'కాంప్రమైజ్', 'అడ్జస్ట్‌మెంట్' అనే మాటలతో ఆడవాళ్లని ఎలా అడుగుతారో, రాతపూర్వక ఒప్పందాలు లేకపోవడం వల్ల ఏం జరుగుతుందో, సెట్‌లో టాయిలెట్ కూడా లేని పరిస్థితి ఎలా ఉంటుందో అందులో ఉంది. చదవండి. మగపిల్లలూ చదవండి, ఈ మాటలు మీదాకా రావనుకోవద్దు.

ఇలాంటిది జరిగినప్పుడు ఇంటికి ఫోన్ చేసి చెప్పగలగాలి. మళ్లీ అదే మాట అంటున్నానని విసుక్కోకండి. పాత్ర వచ్చేసిందని చెప్పి ఉంటే ఆ ఫోన్ చేయలేరు. నా ఎదురుగా కూర్చుని ఏడ్చిన అమ్మాయిల్లో ఇద్దరు ఇంట్లో చెప్పుకోలేక మళ్లీ అదే ఆఫీసుకి వెళ్లారు.

సొంతంగా సినిమా తీయాలని వెళ్తున్నవాళ్లకి ఇంకొన్ని. స్నేహితులతో తీసే షార్ట్ ఫిల్మ్‌కి కూడా కాగితం రాసుకోండి, పేరు ఎవరిది, హక్కులు ఎవరివి, డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి అని. స్నేహం చెడేది సినిమా ఆడనప్పుడు కంటే ఆడినప్పుడే. కాపీరైట్ ఐడియాకి ఉండదు, రాసినదానికే ఉంటుంది. కాబట్టి కథ వినిపించడానికి వెళ్లేముందు పూర్తిగా రాసి పెట్టుకోండి, వినిపించి వచ్చాక అదే రోజు 'ఈరోజు మీకు చెప్పిన కథ' అని ఈమెయిల్ పెట్టండి. ఇల్లు తాకట్టు పెట్టి మొదటి సినిమా తీయకండి. దీనికి కారణం చెప్పను, తీయకండి అంతే.

మిగతావి వరసగా రాసేస్తున్నాను.

పర్మిషన్ లేనిచోట షూట్ చేయకండి. 2014 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియాలో రైల్వే వంతెన మీద అనుమతి లేకుండా షూటింగ్ పెట్టారు, రైలు వచ్చింది, 27 ఏళ్ల కెమెరా అసిస్టెంట్ సారా జోన్స్ చనిపోయింది. డైరెక్టర్ జైలుకి వెళ్లాడు. 'ఒక్క షాట్, రెండు నిమిషాలు' అని ఎవరన్నా సరే పట్టాల మీదకి, నీళ్లలోకి, టెర్రస్ అంచుకి దిగకండి.

స్టంట్ చేయడం రాకపోతే రాదని చెప్పండి. ఈత రాకపోతే రాదని చెప్పండి. ప్రొఫైల్‌లో 'గుర్రపు స్వారీ వచ్చు' అని అబద్ధం రాసినవాడు మా సెట్‌లో భుజం విరగ్గొట్టుకున్నాడు.

రాత్రంతా షూటింగ్ చేసి బండి నడపకండి. 1997లో 19 గంటలు పనిచేసిన ఒక కెమెరా అసిస్టెంట్ ఇంటికెళ్తూ స్టీరింగ్ ముందే నిద్రపోయి చనిపోయాడు. సెట్‌లోనే ఓ మూల పడుకోండి.

ఫుటేజ్ మూడు కాపీలు ఉంచండి. ఒకటి వేరే చోట ఉండాలి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వకండి. ఆఫీసుకీ, మేనేజర్‌కీ, ఇంటి ఓనర్‌కీ ఎవరికీ ఇవ్వకండి.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి.

లోన్ యాప్ తెరవకండి.

ఆడిషన్ పేరుతో బట్టలు లేకుండా వీడియో అడిగితే పంపకండి. ఎంత పెద్ద పేరు చెప్పినా పంపకండి. ముందే పంపేసి ఉంటే బెదిరింపులకి డబ్బు కట్టకండి, మెసేజ్‌లు చెరపకుండా ఉంచి పోలీసులకి వెళ్లండి.

ఉచితంగా పనిచేయాల్సి వస్తే ఎన్ని రోజులో ముందే అనుకోండి. ఆ రోజులు అయిపోగానే అడగండి. 'నెక్స్ట్ ప్రాజెక్ట్‌లో చూసుకుందాం' అన్నది రెండోసారి వినిపిస్తే మానేయండి.

జ్వరం వస్తే రెండో రోజే ఎవరికైనా చెప్పండి. నాలుగో రోజుదాకా ఆగకండి.

అప్పు చేసి పార్టీలకి వెళ్లకండి. అక్కడ పాత్రలు ఇవ్వరు.

వేరేవాళ్ల షూటింగ్ ఫొటోల పక్కన నిలబడి 'బిగ్ అనౌన్స్‌మెంట్ సూన్' అని పెట్టకండి. అది కూడా ఇంట్లో చెప్పే అబద్ధమే, ఇంట్లోవాళ్లూ చూస్తారు.

ఇప్పటికే చెప్పేసి ఉంటే ఇవాళే సరిదిద్దండి. 'పాత్ర ఇంకా రాలేదమ్మా, తొందరపడి చెప్పాను' అనండి. తిడతారు. తిట్టించుకోండి. ఆ అబ్బాయి నా ఎదురుగానే ఫోన్ చేసి ఈ మాట చెప్పాడు. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత వాళ్లక్క అడిగింది ఒక్కటే, "అన్నం తిన్నావా?"

అతను ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాడు. వాళ్లక్క ఒక్క షరతు పెట్టింది. ప్రతి ఆదివారం మూడు లైన్లు పంపాలి: ఆ వారం ఎన్ని ఆడిషన్లు, చేతిలో ఎంత ఉంది, వచ్చే వారం ఎక్కడ ఉంటాడు. మీరూ ఇంట్లో ఒక్కరిని ఎంచుకుని ఇదే చేయండి. అందులో 'అంతా బాగుంది' అని రాయకండి. అంకెలు రాయండి, సున్నా అయితే సున్నా అని రాయండి.