అడవి దారిలో జింక బండికి తగిలితే

నాది అచ్చంపేట. శ్రీశైలం వెళ్ళే వాళ్ళకు అద్దె కారు నడుపుతుంటాను. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక దారంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యమే. రాత్రి 9కి గేటు వేస్తారు, ఉదయం 6కి తీస్తారు. గేటు తియ్యగానే క్యూలో ఉన్న బండ్లన్నీ ఒక్కసారి పరుగు అందుకుంటాయి. సాయంత్రం గేటు పడేలోపు దాటాలని ఇంకో పరుగు. సరిగ్గా ఆ వేళల్లోనే దుప్పులు, అడవి పందులు మేతకూ నీళ్ళకూ రోడ్డు దాటుతాయి. అందుకే నేను ముందే బయలుదేరతాను, అడవిలో 40 దాటను. 80లో పోతే ఒక్క సెకనులో బండి 22 మీటర్లు ముందుకెళ్తుంది. మనం చూసి బ్రేక్ మీద కాలు పెట్టేసరికే ఆ దూరం అయిపోతుంది.

రోడ్డు పక్క కళ్ళు మెరిశాయంటే వెంటనే స్పీడు తగ్గించి లైటు డిమ్ చెయ్యండి. హై బీమ్ కళ్ళలో పడితే దుప్పి అక్కడే నిలబడిపోతుంది. చిన్నగా హారన్ కొట్టండి. ఒకటి దాటింది కదా అని వెళ్ళిపోవద్దు, దాని వెనక మంద ఉంటుంది. అన్నీ దాటేదాకా ఆగండి. ఎదురుగా దూకేస్తే స్టీరింగ్ గట్టిగా పట్టుకుని నేరుగా బ్రేక్ వెయ్యండి, కట్ కొట్టొద్దు. ఘాట్‌లో కట్ కొడితే చెట్టుకో ఎదురొచ్చే బస్సుకో తగులుతాం, లేదంటే లోయలోకి పోతాం. జింకను కాపాడబోయి బండిలో ఉన్న పిల్లల ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు.

తగిలిందే అనుకోండి. కొంచెం ముందుకెళ్ళి మలుపు లేని చోట పక్కకు ఆపి, నాలుగు ఇండికేటర్లూ వెయ్యండి. ముందు లోపలి వాళ్ళకు దెబ్బలేమైనా తగిలాయా చూడండి, తగిలితే 108. తర్వాత జంతువును దూరం నుంచే చూడండి. అడవి పంది, ఎలుగుబంటి, చిరుత లాంటివైతే బండి దిగనే దిగొద్దు. దెబ్బ తిన్న పంది లేచి మీదికొస్తుంది.

ఒకసారి వటవర్లపల్లి దగ్గర నా ముందు బండికి ఆడదుప్పి తగిలింది. నేను దిగేసరికి నలుగురు చుట్టూ చేరి, తల ఎత్తిపట్టి నోట్లో బాటిల్ నీళ్ళు పోస్తున్నారు. పాపం, వాళ్ళది మంచి మనసే. కానీ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి దానికి పొలమారింది, ముక్కులోంచి నురగ వస్తోంది. నేను నీళ్ళు ఆపించి, అందర్నీ వెనక్కి పంపి, తువ్వాలు తీసి దాని కళ్ళ మీద కప్పాను. కాసేపటికి కాళ్ళు కొట్టుకోవడం ఆగింది, డొక్క ఎగిరెగిరి పడటం తగ్గింది. జింక జాతికి దెబ్బతో పాటు భయం కూడా ప్రమాదమే, మనుషులు పట్టుకుంటే ఆ బెదురుకే చచ్చిపోవచ్చు. మీరూ అదే చెయ్యండి: కళ్ళు కప్పండి, మాట్లాడొద్దు, సెల్ఫీలు వద్దు, నిమరొద్దు. కోతి, నక్క లాంటివైతే అసలు ముట్టుకోవద్దు. కరిచినా గీరినా సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకు వెళ్ళండి.

సాయానికి 112కు ఫోన్ చేసి ఫారెస్టు వాళ్ళకు చెప్పమనండి. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అప్పుడు కిలోమీటరు రాయి నంబరు రాసుకుని మన్ననూరుకో దోమలపెంటకో వెళ్ళేవాళ్ళతో కబురు పంపండి. ఫారెస్టు వాళ్ళ బేస్ క్యాంపుల్లో ఉండే చెంచు వాచర్లు వస్తే ఇక వాళ్ళు చెప్పినట్టే చెయ్యండి. జంతువు పరిస్థితి వాళ్ళకు తెలిసినంతగా మనకు తెలియదు.

చనిపోయినా వదిలేసి పోవద్దు, డిక్కీలో వేసుకోవడమైతే అసలే వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, పొరపాటున చనిపోయిన అడవి జంతువు కూడా ప్రభుత్వ ఆస్తే. అది మన చేతికొస్తే 48 గంటల్లోపు పోలీసులకో అటవీ అధికారికో చెప్పాలి. మాంసం దొరికితే జైలు దాకా పోతుంది. భయపడి పారిపోయేవాళ్ళను చూశాను, దానివల్ల అనుమానం పెరగడమే తప్ప లాభం లేదు. ఆగి, ఉన్నదున్నట్టు చెప్పి, పేరు, బండి నంబరు ఇవ్వండి.

కోతుల సంగతి వేరుగా చెప్పాలి. పుణ్యమని అరటిపళ్ళు, చిప్స్ ప్యాకెట్లు కిటికీలోంచి విసురుతారు. బండి శబ్దం వింటే చాలు, తల్లి కోతులు పిల్లల్ని పొట్టకు కరుచుకుని రోడ్డు మధ్యకు వచ్చేస్తాయి. మీ బండి ఆగుతుంది, వెనక వచ్చేది ఆగదు. నా బండి ఎక్కినవాళ్ళకు ముందే చెప్తాను, అడవిలో అద్దాలు దించొద్దని. దయచేసి ఏమీ వెయ్యకండి.

ఇక బండి. కదిలించే ముందు కింద చూడండి, కూలెంట్ కారుతుంటే రేడియేటర్ పగిలి ఉండొచ్చు. ఇంజన్ ఆన్ చెయ్యకుండా టోయింగ్‌కు చెప్పండి. బంపర్, చోటు, కిలోమీటరు రాయి ఫోటోలు తీసుకుని, రిపేరుకు ఇవ్వకముందే ఇన్సూరెన్స్‌కు ఫోన్ చెయ్యండి. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీలో మన బండి రిపేరు ఖర్చు రాదు.